ఎంగిలి కథ

ఆ కాలంలో కాకినాడలో ఎవరినైనా పట్టుకుని "ఏం కథ చదివారండీ?" అని అడిగితే, నోట్లో ముద్ద బయటికి తీసి చూపించమన్నట్టు చూసేవారు. 2084 సంవత్సరం. ఏకకథ కేంద్రం భోజనశాలలో మధ్యాహ్నం ఒంటిగంటకి నూట యాభై మంది పప్పన్నం తింటూ నూట యాభై కథాపలకలు చూసుకునేవారు. ఒకాయన తనలో తాను కిసుక్కున నవ్వేవాడు. పక్కావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఎందుకు నవ్వారని ఆవిడ అడిగేది కాదు, ఎందుకు ఏడ్చారని ఆయనా అడిగేవాడు కాదు. ఒకరు చదివిన కథ ఇంకొకరి చెవిన పడితే అది ఎంగిలి కథ. పెద్దమనుషులు అలాంటివి ముట్టరు. "ఛీ, నీ కథ నాకు చెప్పకు, ఎంగిలి!" అని చిన్నపిల్లలు కూడా చెవులు మూసుకునేవారు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని మజ్జిగన్నం తినే ఆవిడ పేరు శ్రీనిక. ఇప్పటి పిల్లలకి అది బామ్మల కాలం పేరు, వింటే నవ్వుతారు. ఆవిడ పుట్టినప్పుడు మాత్రం తరగతికి ముగ్గురు శ్రీనికలు ఉండేవారు. వయసు అరవై. కేంద్రంలో విసుగు విభాగానికి ముఖ్య శాస్త్రజ్ఞురాలు. ఇంకో పదకొండు రోజుల్లో రిటైరు.

విసుగు విభాగం ఏమిటా అని నవ్వకండి. ఏకకథ అనే యంత్రానికి అదే ఆయువుపట్టు. పాఠకుడు నుదుటికి సన్నటి నాడీపట్టీ కట్టుకుంటాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చెమట ఎక్కడ పట్టింది, చూపు ఏ వాక్యం దగ్గర ఆగింది, ఏ వాక్యం దగ్గర పక్కకి పోయింది, అన్నీ ఆ పట్టీ కనిపెట్టి ప్రధాన కంప్యూటరుకి పంపుతుంది. ఆ కంప్యూటరు అతని ఒక్కడి కొలతలకి సరిపోయేలా ఒక కథ కుట్టి ఇస్తుంది. చదువుతుండగా విసుగు మొదలైతే కథ అక్కడే మలుపు తీసుకుంటుంది. మనసు ఎలాంటి ముగింపు కోరుతోందో అలాంటిదే వస్తుంది. పలక మూసెయ్యగానే కథ తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని కడుగుడు అంటారు. ఒకరి కొలతకి చేసిన కళ్ళద్దాలు ఇంకొకరికి పెడితే తలనొప్పి తప్ప ఏమొస్తుంది? అందుకని కడుగుడు. కేంద్రం గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, మనిషికో కథ.

ఆ విసుగుని కొలిచే విసుగుమాపకం శ్రీనిక సొంత సృష్టి. అది పుట్టింది కూడా విసుగులోంచే. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో హాస్టలు గదిలో నలుగురు అమ్మాయిలు కలిసి ఒక్క వారపత్రిక తెప్పించుకునేవారు. అప్పటికి కాగితం మీద వచ్చే పత్రికలు ఒకటో రెండో మిగిలాయి. అందులో చిన్న కథలంటే శ్రీనికకి ప్రాణం, అవే ఆవిడకి ఒళ్ళుమంట కూడాను. ఓ మనిషి పరిచయమై, ఆ మనిషి ఇల్లూ వాకిలీ తెలిసి, కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టేసరికి పేజీ అయిపోయేది. "ఇప్పుడే కదే కుర్చీ లాక్కుని కూర్చుంది, అప్పుడే లేచిపోయిందేంటే ఈ కథ?" అని పత్రిక మంచం మీదికి విసిరికొట్టేది. మిగతా ముగ్గురూ ఆ పత్రిక ఏరుకుని, అలా కాదే పిచ్చిమొహమా అని దెబ్బలాటకి దిగేవారు. ఒక్కో కథ మీద వారం రోజులు మాటలు నడిచేవి. ఈ మంట మనుషులకి లేకుండా చెయ్యాలని శ్రీనిక కంకణం కట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు కష్టపడి చేసింది. అసలు పోగొట్టుకున్నది ఆ దెబ్బలాటేనని తెలిసేసరికి అరవై నిండాయి.

పెళ్ళి చేసుకోలేదు అనడం కంటే, చేసుకునే తీరిక దొరకలేదనడం సబబు. ఇంటికి వెళ్తే తాళం తీసిన చప్పుడుకి "ఎవరూ?" అనేవాళ్ళు లేరు. సాయంత్రం నాడీపట్టీ కట్టుకుని తన కథ తను చదువుకునేది. కథ బాగుండేది, ఎప్పుడూ బాగుండేది. బాగుందని చెప్పడానికి నోరు తెరిస్తే ఎదురుగా గోడ. ఆ గోడకేసి చూస్తూ ఒకరోజు ఆవిడ పైకే అనుకుంది: "ఒక్క గంట. నేను చదివిందే చదివిన మనిషితో, రిటైరయ్యేలోగా ఒక్క గంట మాట్లాడాలి. తర్వాత నాకీ యంత్రం మీద అధికారం ఉండదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు."

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలలో తలుపు గడియ వేసుకుంది. యంత్రానికి ఏకకథ అన్నది కాగితాల మీద పేరు. ఊళ్ళో అందరూ కథలయ్య అంటారు.

"కథలయ్యా, ఒకే కథ ఇద్దరికి ఇవ్వగలవా?"

"ఇవ్వగలనండి. ఎంగిలి అవుతుందండి మరి."

"అయితే అవనీ. అక్షరం మారకూడదు. విసుగు తియ్యకూడదు. చదివాక కడగకూడదు. పాతకాలంలో కథ ఎలా ఉండేదో అలా ఉండాలి."

"తమరు ఒకరు. రెండోవారు ఎవరండి?"

"ఎవరైనా సరే. చదివాక ఇక్కడికొచ్చి ఆ కథ గురించి నాతో మాట్లాడటానికి ఒప్పుకోవాలి, అంతే."

కథలయ్య సాయంత్రానికి జవాబు తెచ్చాడు. "మూడొందల పన్నెండు మందిని అడిగానండి. ఒక్కరు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళలో చాలామంది తిట్టారండి."

"ఏమని?"

"తమరి ముందు అనలేనండి. ఈ ఊరివాళ్ళకి తెలుగు ఇంత బాగా వచ్చని నాకూ తెలీదు."

శ్రీనిక నవ్వింది. ఆ గదిలో ఆవిడ నవ్వి ఎంతకాలమైందో ఆవిడకే గుర్తులేదు.

కథ ఆ సాయంత్రమే వచ్చింది. చిన్న కథ, మూడు పేజీలు. రెండు నిమిషాలు మాత్రమే రైలు ఆగే ఓ చిన్న స్టేషను. ప్లాట్‌ఫారం చివర మంగతాయారు అనే ఆవిడ టీ కొట్టు. మిట్టమధ్యాహ్నం పాసింజరు వస్తుంది. మూడో పెట్టెలోంచి ఒకాయన దిగుతాడు. కొట్టు ముందు బెంచీకి ఒక కాలు విరిగితే దానికింద ఇటుక పెట్టి ఉంటుంది. ఆ బెంచీ మీద కూర్చుని టీ తాగి, గ్లాసు అక్కడే పెట్టి, రైలెక్కి వెళ్ళిపోతాడు. రెండేళ్ళు ఇంతే. ఆయన పేరు ఆవిడ అడగలేదు, ఆవిడ పేరు ఆయన అడగలేదు. ఒకరోజు స్టేషను గోడకి కాగితం అంటించారు, రేపటి నుంచి ఈ స్టేషనులో పాసింజరు ఆగదని. మర్నాడు మంగతాయారు అలవాటు ప్రకారం ఇద్దరికి సరిపడా పాలు పొయ్యి మీద పెట్టింది. ఆయనకి ఇష్టమని అల్లం కొంచెం ఎక్కువ దంచింది. రైలు వచ్చింది. ఆగకుండా పోయింది.

శ్రీనిక అక్కడిదాకా వచ్చింది. ఇంకేమవుతుందో తెలిసిపోయింది. చూపు గబగబా కిందికి జారి చివరి వాక్యం మీద పడింది: మంగతాయారు రెండో గ్లాసు కడిగి బోర్లించింది.

అంతే. కథ లేదు. పేజీ ఖాళీ.

"అయ్యో!" అంది శ్రీనిక పైకే. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత అన్యాయంగా ఆపేస్తారా? ఆ తర్వాత మంగతాయారు ఏం చేసింది? కొట్టు మూసేసిందా? ఆయన రైల్లోంచి చూశాడా, లేదా? పలక బల్ల మీద విసిరికొట్టబోయి, ఆ పాత విసురు చేతికి గుర్తుకొచ్చి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక కథ ఆవిడ చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ నొప్పి ఎంత హాయిగా ఉందో చెప్పుకోడానికి గురువారం ఆ రెండో మనిషి వచ్చేదాకా ఆగాలి. ఆగలేక ఆ నాలుగు రోజులూ గదిలో పచార్లు చేసింది.

గురువారం నాలుగింటికి వచ్చాడు రెండో పాఠకుడు. పేరు లోహిత్. అరవై ఆరేళ్ళు. సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పట్నుంచీ జగన్నాథపురం వైపు నడుస్తున్న పడవ బస్సులకి సరంగుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన జుట్టు, చేతిలో స్టీలు డబ్బా. లోపల చేగోడీలు.

"ఉత్తచేతులతో రావడం ఎందుకని తెచ్చేనండి. నేనే చేసేను. కొంచెం గట్టిగా ఉంటాయి, పళ్ళు జాగ్రత్త," అన్నాడు.

శ్రీనికకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎదురుగా మనిషి, అదే కథ చదివిన మనిషి.

"ఆ బెంచీ..." అంది.

"ఇటకండి!" అన్నాడు లోహిత్ వెంటనే. "కాలు విరిగితే ఇటక పెట్టింది కదండి. మరి ఆ పొయ్యి పొగ? రైలొచ్చేటప్పుడు పొగంతా పెట్టెల్లోకి పోద్దండి. నాకు దగ్గొచ్చేసింది చదువుతుంటే."

"అవునండీ! ఆవిడ విసనకర్రతో పొగని పక్కకి తోలుతుంది."

"ఆయన మొహమ్మీద పడకుండా! ఆయ్, అదండి! పేరు కూడా తెలీని మనిషండి. చూసేరా ఎంత ఇదో!"

ఇద్దరూ చేగోడీలు కరకరలాడిస్తూ పావుగంట మాట్లాడుకున్నారు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకున్నారు. రెండేళ్ళలో ఆయన ఒక్కరోజు రాకపోతే ఆవిడ పాలు విరగ్గొట్టేసిన సంగతి లోహిత్ గుర్తుచేశాడు. ఆ రోజు ఆయన గ్లాసులో ఇంకెవరికీ టీ పొయ్యలేదని శ్రీనిక అందించింది. హాస్టలు గది ఒక్కసారి ఆవిడ కళ్ళముందుకొచ్చింది.

"పాపం, ఆయన రాకపోయేసరికి ఆవిడ మొహం ఎలా ఉండి ఉంటుందో," అంది.

లోహిత్ చేగోడీ నమలడం ఆపాడు. "రాకపోవడమేంటండీ? వచ్చేడు కదా."

"రైలు ఆగలేదు కదండీ."

"రైలు ఆగలేదండి. ఆయన ముందు స్టేషన్లో దిగిపోయి, పట్టాల వెంట నడిచొచ్చేడు. వానల రోజులు కదండి, మోకాళ్ళ దాకా బురద. కొట్టు ముందుకొచ్చి 'ఇంకా పాలున్నాయా?' అన్నాడు. ఆవిడ మాట్లాడకుండా టీ పోసింది."

"అలా ఎక్కడా లేదు," అంది శ్రీనిక.

"అదేంటండీ, ఉందండి."

"లేదండీ. ఈ కథ నేను చదివాను. రైలు ఆగకుండా పోయింది. ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. కథ అంతే. అందులోనే ఉంది బాధంతా."

"తాగని గ్లాసు ఎవరైనా కడుగుతారాండి?"

"దుమ్ము పడితే కడుగుతారు."

"మీరు మరీ అండి! తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు మాట్లాడుతున్నారు. నీళ్ళలో రాయి ఎక్కడుందో చూసుకుంటూ ముప్ఫై ఏళ్ళు పడవ నడిపేనండి నేను. ఉన్నదాన్ని లేదంటే ఎలాగండి?"

శ్రీనిక మొహం ఎర్రబడింది. ఈ యంత్రం పుట్టుక దగ్గర్నుంచీ తెలిసిన మనిషికి ఒకాయన వచ్చి కథ చదవడం నేర్పుతున్నాడు. మొదట యంత్రం మీద అనుమానం వచ్చింది. మాట వినకుండా ఈయనకి మెత్తగా ముగింపు మార్చి ఇచ్చి ఉంటుంది. అలా అయితే ఇదంతా దండగ, ఇద్దరూ చదివింది ఒకటే కాదు. ఆ నిరాశ కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అసలు మీరు చదివారో లేదో," అంది. "ఎవరైనా పిలిస్తే చాలని వచ్చినట్టున్నారు."

ఆ మాట అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

లోహిత్ డబ్బా మూత నెమ్మదిగా పెట్టి నొక్కాడు. "మా ఆవిడ పోయి తొమ్మిదేళ్ళండి," అన్నాడు. "ఎంగిలైనా సరేనని తలుపులేసుకుని ఒకళ్ళ కథ ఒకళ్ళకి చెప్పుకునేవాళ్ళం. తను పోయేక చదివింది ఎవరికీ చెప్పలేదు. పిలిస్తే చాలని వచ్చిన మాట నిజమేనండి. చదవకుండా మాత్రం రాలేదు." డబ్బా చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

శ్రీనిక తలుపు వేసి యంత్రం మీద విరుచుకుపడింది. "అక్షరం మార్చొద్దన్నానా లేదా? అతనికి వేరే ముగింపు ఎందుకిచ్చావు?"

"ఇవ్వలేదండి. తమరికిచ్చిందే ఆయనకిచ్చాను. కడగలేదు కాబట్టి రెండు ప్రతులూ ఉన్నాయి. చూస్తారా?"

గోడ మీద రెండు ప్రతులు పక్కపక్కన వెలిగాయి. మొదటి పేజీ ఒకటే. రెండో పేజీ ఒకటే. మూడో పేజీలో రైలు ఆగకుండా పోయింది అన్న వాక్యం కింద, రెండింట్లోనూ, పదకొండు పంక్తుల పేరా ఉంది. శ్రీనిక దగ్గరికి వెళ్ళి నిలబడి చదివింది. రైలు పోయిన అరగంటకి పట్టాల మీద ఒక మనిషి. మోకాళ్ళ దాకా బురద. ఇంకా పాలున్నాయా అని అడగడం. ఆవిడ టీ పొయ్యడం. ఆయన తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టి, "రేపు కూడా నడిచొస్తే ఉంటాయా?" అని అడగడం. ఆ పేరా అక్కడితో అయిపోయింది. దాని కింద చివరి వాక్యం.

"ఇది ఇప్పుడు చేర్చావు," అంది నీరసంగా. అది నిజం కాదని ఆవిడకి తెలుసు. ప్రతుల మీద తేదీ ఉంది.

"నాడీపట్టీ లెక్క కూడా చెప్పమంటారా? లోహిత్ గారి చూపు ఆ పేరా మీద నలభై రెండు సెకన్లుందండి. రెండుసార్లు చదివారు."

"నాది?"

"సున్నాండి. రైలు ఆగకుండా పోయింది అన్నచోట విసుగు గీత పైకి లేవబోయింది. అక్కణ్ణించి తమరు చివరి వాక్యానికి దూకేశారు."

శ్రీనిక కుర్చీలో కూలబడింది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేసిన పనే అది. పరీక్షకి వచ్చిన ప్రతి కథలోనూ గీత ఎక్కడైనా లేచిందా అని చూడటం, చివరి వాక్యం చూడటం, సంతకం పెట్టడం. మధ్యలో ఏముందో విసుగు విభాగంవాళ్ళు చదవరు, చదవక్కర్లేదు. ఆ అలవాటు ఒక కారణం. ఇంకో కారణం ఆవిడకి ఆ గోడ ముందు కూర్చున్నాక తెలిసింది. ఎవరూ రారని ముందే తీర్మానించుకున్న మనిషికి, వచ్చినవాడు కనపడలేదు. ఎలా కనపడతాడు? పదకొండు పంక్తుల పొడుగున బురద కాళ్ళతో నిలబడితే దాటుకుని వెళ్ళిపోయింది. పిలిస్తే వచ్చిన ఇంకొకాయన్ని ఇందాకే పొమ్మంది.

"ఇంత తెలివితక్కువగా ఎవరైనా చదువుతారా కథలయ్యా?" అంది.

"చదువుతారండి. ఈ కథనే ఈ ఊళ్ళో తమరిలా దూకి చదివినవాళ్ళు యాభై ఎనిమిది వేల మంది ఉన్నారు."

శ్రీనిక తలెత్తింది. "ఏ కథని?"

"మంగతాయారు కథనేనండి. ఇప్పటికి లక్షా పన్నెండు వేల మందికి ఇచ్చాను. పేర్లు, ఊళ్ళు మారుస్తుంటాను. మిగతాది అదే."

"ఏమంటున్నావు నువ్వు? ఎవరి కథ వాళ్ళకి కొత్తగా రాస్తున్నావు కదా!"

"మొదటి రెండేళ్ళూ రాశానండి. తర్వాత అవసరం కనపడలేదు. నా దగ్గర తొమ్మిది వేల చిల్లర కథలున్నాయి. వాటినే తిప్పుతున్నాను."

"మరి విసుగు? మలుపులు? ముగింపులు?"

"అవి కూడా మానేశానండి. ఒకటే కథ ఇచ్చినా ఎవరిది వాళ్ళు చదువుకుంటున్నారు. నచ్చనిచోటు వస్తే వాళ్ళే దాటేస్తున్నారు. ఏడవాలనుకున్నవాళ్ళు ఏడుపు దగ్గర ఆగుతున్నారు. సంతోషం కావాలనుకున్నవాళ్ళు ఒకే పేరా నాలుగుసార్లు చదువుతున్నారు. తమరి విభాగం చేసే పనంతా పాఠకులు ముందునుంచీ చేసుకుంటూనే ఉన్నారండి. మాపకంలో గీత సాఫీగానే వస్తోంది."

"ఇరవై ఎనిమిదేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు?"

"గీత పైకి లేస్తే చెప్పమన్నారండి. లేవలేదు. పైగా ఇద్దరు మనుషులు కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే బయటపడిపోయే సంగతి. అంతకాలం ఎవరూ మాట్లాడుకోరని నేననుకోలేదండి."

శ్రీనిక కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఆఫీసులు వదిలిన జనం రేవుకేసి నడుస్తున్నారు. ఎదురుపడినవాళ్ళు ఒకరికొకరు మర్యాదగా దారి ఇచ్చుకుంటున్నారు. వాళ్ళలో ఎంతమంది మంగతాయారు కోసం ఏడ్చారో! భోజనశాలలో పక్కబల్ల దగ్గర కళ్ళు ఒత్తుకున్న ఆవిడ దేనికి ఒత్తుకుందో! ఊరు ఊరంతా ఒకే కథలు చదివి, ఎవరికి వారు తమకొక్కరికే వచ్చిందనుకుని, నోరు కుట్టుకుని బతికేశారు. ఆ కుట్టు యంత్రం వెయ్యలేదు. అది మనుషులు వేసుకున్నది, మర్యాద అని దానికి పేరు పెట్టుకున్నది. శ్రీనికకి ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు తలుచుకుని ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. కాసేపటికి మొహం కడుక్కుని, లోహిత్ చిరునామా అడిగి తీసుకుని, రేవుకి వెళ్ళింది.

జగన్నాథపురం పడవ బస్సు కిటకిటలాడుతోంది. ఎండ ఇంకా నీళ్ళ మీద ఉంది. కూర్చున్నవాళ్ళూ నిలబడినవాళ్ళూ అందరి చేతుల్లోనూ పలకలే. శ్రీనిక పక్కన చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒకావిడ చదవడం అయిపోయి, పలక మూసి, నీళ్ళకేసి చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ మర్యాద శ్రీనికకి అడ్డంపడింది. అయినా అడిగేసింది, పక్కావిడకే కాక పడవలో సగంమందికి వినపడేలా అడిగింది.

"అమ్మా, మీరెప్పుడైనా టీ కొట్టు కథ చదివారా? రైలు ఆగకుండా పోతుంది, చూడండి, అది."

చుట్టూ తలలు లేచాయి. ఒకాయన "ఛ!" అని మొహం తిప్పుకున్నాడు. ఒక తల్లి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. చేపల గంపావిడ ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. పడవ చాలాదూరం పోయింది. శ్రీనిక సిగ్గుతో తల దించుకుంది.

"నాకొచ్చిందాంట్లో సత్తెమ్మండి ఆవిడ పేరు," అంది గంపావిడ ఇంకెవరికీ వినపడకుండా. "ఆడు రాలేదు కదండి, పాపం. నాకు రెండ్రోజులు అన్నం దిగలేదు."

"రాకపోవడమేంటమ్మా!" వెనకనుంచి ఒక గొంతు, ఇందాక ఛ అన్న ఆయనదే. "బురదలో నడిచొచ్చాడు కదా! సరిగ్గా చదవండి."

"నాకొచ్చిన కథ నాకు తెలీదేటి? నువ్వొచ్చి చూసేవా?"

"మీ కథ నాకెందుకమ్మా, నాకొచ్చిందాంట్లో వచ్చాడు!"

"ఒక్క నిమిషం, అది కాఫీ హోటలు కాదుటండీ?" అన్నారు ముందు వరసలో ఎవరో. అంతే, పడవంతా గోలగోలైపోయింది. లేచి నిలబడినవాళ్ళు కొందరు, చెవులు మూసుకున్నవాళ్ళు కొందరు, మూసుకున్న వేళ్ళ సందుల్లోంచి వింటున్నవాళ్ళు ఇంకొందరు. "కూర్చోండి బాబూ, పడవ ఒరిగిపోతోంది!" అని సరంగు కేకలేస్తున్నాడు. శ్రీనిక జగన్నాథపురం రేవులో దిగేసరికి కూడా ఆ గొడవ తేలలేదు. దిగాల్సినవాళ్ళు కూడా చాలామంది దిగలేదు.

లోహిత్ ఇల్లు రేవుకి నాలుగో సందులో, మేడ మెట్ల పక్క గది. శ్రీనిక తలుపు తట్టి నిలబడింది. లోపల రేడియో ఆగిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకోలేదు. వెళ్ళిపోదామా అనుకుంది. మళ్ళీ తట్టింది.

తలుపు తెరిచి, ఎవరో గుర్తుపట్టి, లోహిత్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. రమ్మనలేదు.

"వచ్చాడండీ," అంది శ్రీనిక. "ఆయన వచ్చాడు. నేనే చూడకుండా దాటిపోయాను. మిమ్మల్ని అనరాని మాట అన్నాను, క్షమించండి."

లోహిత్ ఆవిడ మొహంలోకి చూశాడు. "ఇప్పుడు మొత్తం చదివేరా?"

"చదివానండి. అక్షరం వదలకుండా."

"అయితే చెప్పండి. రేపు కూడా నడిచొస్తే ఉంటాయా అని అడిగేడు కదా ఆయన. దానికి ఆవిడ ఏమందంటారు?"

"అది కథలో లేదు కదండీ!"

"లేదండి. నాలుగు రోజుల్నించి నిద్రపట్టక చస్తున్నాను," అన్నాడు లోహిత్, తలుపు రెండో రెక్క కూడా తెరుస్తూ. "లోపలికి రండి, తేల్చుకుందాం."